నేనే పరిగెత్తమన్నాను

1983 జూన్, శనివారం రాత్రి

మా సుధ మోకాలి చిప్ప పగిలింది. రేపు ఆపరేషన్. మళ్లీ మునుపటిలా పరిగెత్తగలదా అని సర్జన్‌ని అడగలేదు. నేనూ డాక్టర్నే, ఎక్స్‌రే నేనూ చూశాను.

మధ్యాహ్నం బేస్‌బాల్ ఆటలో మూడో బేస్ దగ్గర నిలబడి పిల్లలకు ఆగమనో, పరిగెత్తమనో సైగ చేసే పని నాది. ఆఖరి ఇన్నింగ్స్‌లో ఒక్క రన్ వెనకబడి ఉన్నాం. సుధ రెండో బేస్ నుంచి పరిగెత్తుకొస్తూ నా వైపు చూసింది. బంతి అప్పటికే ఫీల్డర్ చేతికి వచ్చేసింది. మూడో బేస్ దగ్గరే ఆగి ఉంటే భద్రంగా ఉండేది. తర్వాత బ్యాట్ పట్టేవాడు జట్టులో అందరికన్నా బాగా కొడతాడు. అదంతా నాకు తెలుసు. కానీ జట్టులో ఉన్న ఒకే ఒక్క ఆడపిల్ల, నా కూతురు, ఆ రన్ తెస్తే మిగతా తండ్రులంతా చూస్తారనిపించింది.

"గో, సుధా, గో!" అని చెయ్యి గిరగిరా తిప్పాను.

జారుతూ వెళ్లి, ఆఖరి బేస్ దగ్గర బంతి పట్టుకుని నిలబడ్డ క్యాచర్‌ను గుద్దుకుంది. ఔటయింది. ఇక లేవలేకపోయింది.

హాస్పిటల్‌కి నా భార్య సరళ ఏడుస్తూ వచ్చింది. "అంత దూకుడెందుకే నీకు? డాడీ ఆగమనే చెప్పుంటారుగా!"

అప్పుడే నేను నోరు విప్పాల్సింది. విప్పలేదు. నేను చెబుతానేమోనని సుధ కాసేపు నా ముఖంలోకి చూసింది.

"యా అమ్మా, నేనే చూసుకోలేదు. సారీ," అంది.

సరళ దాని తల నిమిరింది. "ఇకనుంచైనా డాడీ మాట విను."

"ఓకే," అంది సుధ.