ఇంగ్లీషు ఫోను

కరీంనగర్,
2 మార్చి 2025

ప్రియమైన బెంజమిన్ గారికి వందనాలు.

పెళ్లినాడు పాస్టరమ్మ ఏం చెప్పింది? "అలిగినప్పుడు ఫోను పట్టుకోవద్దు, కాయితం పట్టుకోండ్రి" అంది కదా. నిన్న మీరు మాట మధ్యలో ఫోను పెట్టేశారు. అందుకే ఆసుపత్రి డ్యూటీ నుంచి హాస్టలుకు వచ్చీ రాగానే కాయితం పట్టుకున్నాను.

కెనడా వాళ్ల రూలు నేను రాసింది కాదు. జనవరి నుంచి మార్చారట. పెద్ద మాస్టర్స్ చదివేవాళ్ల భర్తలకైతే అక్కడ పని చేసుకునే పర్మిట్ ఇస్తారట, నాలాంటి డిప్లొమా వాళ్ల భర్తలకు ఇవ్వరట. ఇద్దరం కలిసి పోదామని రెండేళ్లుగా అనుకున్నాం. ఇప్పుడు నా చదువు పర్మిట్ వచ్చినా నేనొక్కదాన్నే పోవాలి. మీకు ఎంత కష్టంగా ఉందో నాకు తెలుసు. "వద్దు క్యాథరిన్" అని ఒక్క మాట అనండి, అప్లికేషన్ వెనక్కి తీసుకుంటాను. తర్వాత ఎత్తిపొడవను కూడా.

వద్దనకపోతే మాత్రం ఒక పని చేయాలి. ఇచ్చోడలో సమ్మయ్య సార్ ల్యాబులో నాలుగేళ్లు రక్తపరీక్షలు చేశానని సర్టిఫికెట్ పెట్టాను కదా, అది నిజమో కాదో అడగడానికి అక్కడికి ఫోను చేస్తారట. సార్‌కు ఇంగ్లీషు రాదు, చెవి కూడా సరిగా వినపడదు. ఇంగ్లీషు ఫోను ఏదొచ్చినా అక్కడే పనిచేసే మీ చేతికే ఇస్తాడు. జర మంచిగా చెప్పండి. దొంగ సర్టిఫికెట్ అని తేలితే ఐదేళ్లు ఆ దేశం గడప తొక్కనివ్వరు.

వేళకు తినండి.

మీ క్యాథరిన్

*

బోథ్,
17 మార్చి

నా ప్రియమైన క్యాథరిన్‌కు వందనాలు.

నేను వద్దంటానా, పిచ్చిదానా? పో, హాయిగా చదువుకో. ఆ రోజు ఫోను పెట్టేసింది కోపంతో కాదు, రిపోర్టుల కోసం జనం నిలబడి ఉన్నారు.

కెనడా చలికని ఆదిలాబాదులో నాకు కొన్న మందపాటి జాకెట్ ఉంది చూడు, దాన్ని మొన్న ఎండలో వేశాను. పక్కింటి మల్లన్న టీకొట్టుకు పోతూ చూశాడు. "ఏం బెంజమినూ, పెండ్లాం ఇమానం ఎక్కుతదట, నువ్వు ఈడ్నే జాకెట్ ఏస్కొని జొన్నరొట్టె కాల్చుకుంటవా?" అన్నాడు. అక్కడున్న వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. నేనూ కెనడా పోతున్నానని చర్చిలో వీడ్కోలు సభ పెట్టించుకుని శాలువా కప్పించుకున్న మనిషిని, నవ్వరా మరి?

నిన్న ఆదివారం నీ పర్మిట్ కోసం ప్రార్థన చీటీ వేశాను. పాస్టరమ్మ దాన్ని చదివినంతసేపూ మోకాళ్ల మీదే ఉన్నాను. లేచేసరికి కాళ్లు తిమ్మిరెక్కాయి.

ఆ ఇంగ్లీషు ఫోను ఇంకా రాలేదు. వస్తే ఏం చెప్పాలో నాకు తెలుసులే.

నీవాడు,
బెంజమిన్

*

కరీంనగర్,
8 ఏప్రిల్

ప్రియమైన మీకు,

పొద్దున ఫోనులో ఏడుపు ఆగక పెట్టేశాను. మళ్లీ కాయితమే దిక్కు.

వాళ్లు నోటీసు పంపారు. ల్యాబుకు ఫోను చేస్తే, అలాంటి మనిషి ఎవరూ అక్కడ పని చేయలేదని చెప్పారట! ఎవరండీ ఎత్తింది? మీరు బయటికి పోయినప్పుడు వచ్చిందా? జవాబు ఇవ్వడానికి ముప్పై రోజులు గడువు ఉంది. సార్ జీతం చేతికే ఇచ్చేవాడు కాబట్టి నా దగ్గర బ్యాంకు రుజువు కూడా లేదు. హాజరు రిజిస్టరులో నా సంతకాలు ఉన్నాయి కదా. ఆ పేజీలు జిరాక్స్ తీసి స్పీడు పోస్టులో పంపండి. మీకు దండం పెడతాను.

మీ క్యాథరిన్

*

బోథ్,
13 ఏప్రిల్, మట్టలాదివారం

నా ప్రియమైన క్యాథరిన్‌కు,

ధైర్యం తెచ్చుకో. ఆ రోజు నేను టీకి పోయినప్పుడు సమ్మయ్య సారే ఫోను ఎత్తాడట. చెవిటి మనిషి, ఏం విన్నాడో, ఏమన్నాడో. ముసలాయన్ను ఏమీ అనకు.

రిజిస్టరు సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. పాతవన్నీ చెదలు తినేశాయి. నేనే తీసి చూశాను, మట్టి తప్ప ఏమీ మిగల్లేదు.

దేవుడు ఒక తలుపు మూస్తే మన మంచికే అనుకోవాలి. ఇంటికి వచ్చేయ్. జాకెట్ పెట్టెలో పెట్టేశాను.

నీవాడు,
బెంజమిన్

*

కరీంనగర్,
10 జూలై

బెంజమిన్‌కు,

ప్రియమైన అని రాయబుద్ధి కాలే. ఇన్నొద్దులు నీ లెక్క పుస్తకాల భాష రాసిన. ఇగ నా నోటికొచ్చినట్టే రాస్త.

పర్మిట్ లేదు, ఐదేండ్లు అడుగు పెట్టద్దు అని మే నెలల్నే కాయితం వచ్చింది. నీకు చెప్తే "దేవుని చిత్తం" అన్నవు. గా దినమే నేను ఇంకో పని చేసిన, నీకు చెప్పలే. ఆఫీసరు నా ఫైలుల ఏం రాసుకున్నడో పంపమని అర్జీ పెట్టిన. మొన్న వచ్చింది.

మార్చి పదమూడు, పొద్దుగాల పదకొండింటికి ఫోను చేసిండ్రట. మొగమనిషి మాట్లాడిండట, ఇంగ్లీషు సాఫ్‌గ ఉన్నదట. నా పేరు రెండుసార్లు అడిగిండ్రట. రెండుసార్లు గదే జవాబు. ఆ పేరుగల మనిషి ఇక్కడ ఎవరు లేరు, ఎన్నడు లేకుండె.

సమ్మయ్య సారుకు గుడ్ మార్నింగ్ దాటి ఇంగ్లీషు వస్తదా?

ఇచ్చోడ పోయిన. నీ మాట నమ్మి ఏప్రిల్‌ల ఆయనను ఫోన్ల నానా మాటలన్న, నీ చెవులు మట్టిగొట్టుకపోను అన్న. గా ముసలాయన లేచి, బీరువా తీసి, రిజిస్టరు నా ముంగట పెట్టిండు. నాలుగేండ్ల సంతకాలు ఒక్కటి పోలే. చెదలు లేదు, చిల్లి లేదు. "నన్నెవరు అడిగిండ్రు బిడ్డా?" అన్నడు. ఆయన చేతులు పట్టుకొని ఏడ్చిన.

మార్చి పదమూడు బేస్తవారం. ఆదివారం నువ్వు మోకాళ్ల మీద ఉన్నవు. ఫోను ఇంకా రాలేదని సోమవారం నాకు రాసినవు.

థూ! మల్లన్న నవ్విండని నా బతుకు కూలగొట్టినవా? వద్దంటే ఆగుత అన్న కద. కాయితం మీద రాసిచ్చిన కద. గా ఒక్క మాటకు నీకు నోరు పెగల్లేదా? నిజంగనే ఆగిపోతుంటి. నీ పక్కపొంటి కూసోని జొన్నరొట్టెలు కాల్చి పెడుతుంటి.

నిన్న నువ్వు హాస్టలు గేటు కాడికి వచ్చినవు. వార్డెన్ బాలలక్ష్మి పైకొచ్చి, "బెంజమిన్ అంట, నీ మొగడంట, పంపాల్నా?" అని అడిగింది. నమ్మక ఇంకోసారి అడిగింది. రెండుసార్లు గదే చెప్పిన.

"ఆ పేరుగల మనిషి నాకెవరు లేరు. ఎన్నడు లేకుండె."

ఇట్లు,
సమ్మయ్య సార్ ల్యాబుల నాలుగేండ్లు పనిచేసిన
క్యాథరిన్