మణిని క్లాసుకు పంపేదా, ఊరికి పంపేదా

పట్టాభిరామ్, మద్రాసు,
గురువారం.

అక్కకు, చెల్లెలు భాగ్య దండం పెట్టి రాసేది.

బావ, అత్తమ్మ, పాప బాగున్నారా? అత్తమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా? పాప దగ్గు పోయిందా? మేమూ బాగున్నామని రాయడం పద్ధతి. ఒంట్లో నలతేమీ లేదు, వేళకు తింటున్నాం, నేను రోజూ పనికి పోయి వస్తున్నాను. అంతవరకు నిజమే. మిగతాది చెప్పుకోవడానికే ఈ కాగితం ముందేసుకున్నాను.

ఫోనుండగా ఉత్తరమేమిటని అనుకుంటావు. మాది ఒకటే గది అక్కా. ఎంత మెల్లగా మాట్లాడినా నీ మరిదికి వినబడుతుంది. కంపెనీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు. అందుకని మధ్యాహ్నం అన్నం తిన్నాక క్యాంటీన్‌లో కూర్చుని రాస్తున్నాను. పక్కనున్న పిల్లలకు తమిళం తప్ప రాదు. తొంగి చూసినా ఒక్క అక్షరం అర్థం కాదు, అదొక నిశ్చింత.

ఇక్కడ వానలు విడవడం లేదు. కంపెనీ బస్సు పెద్ద రోడ్డు మీదే దించేస్తుంది. అక్కడి నుంచి చెప్పులు చేతిలో పట్టుకుని నీళ్ళలో నడిచి ఇంటికి పోతాను. ఉతికిన బట్టలు ఆరవు. బట్టల కంపెనీలో పని చేస్తూ తడి చీర కట్టుకుని పోవడం నాకే రాసిపెట్టి ఉంది. తిండికేం లోటు లేదు, దాని గురించి బెంగపడొద్దు. సంగటి మాత్రం కుదరడం లేదు, ఇక్కడ దొరికే రాగిపిండికి ఆ రుచి రాదు. వీలైతే కొంచెం మనూరి పిండి పంపించు.

మా ఆయన పని చేసేచోట ప్రెస్సు మిషన్‌లో చెయ్యి పడినప్పుడు నువ్వూ బావా ఆసుపత్రికి వచ్చి చూశారు. కట్టు విప్పిన తర్వాతి సంగతి మీకు తెలియదు. కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలూ తప్ప మిగతావి లేవు కదా, ఆ చేతికి ఎప్పుడూ తువ్వాలు చుట్టుకునే ఉంటాడు. ఎడమచేత్తో కలుపుకుని తింటాడు, అదీ నేను అటు తిరిగితేనే. ఎవరైనా వస్తే నిద్రపోతున్నట్టు పడుకుంటాడు. ఒకరోజు నేను పని నుంచి వచ్చేసరికి ఇంట్లో లేడు. వెతుక్కుంటూ పోతే రైలు పట్టాల పక్కన కంకర మీద కూర్చుని ఉన్నాడు.

"యాడికి పొయినావు చెప్పకుండా?" అంటే, "గాలికి" అన్నాడు.

తర్వాత ఇంకోసారి కూడా అక్కడే దొరికాడు. నేనేమీ అడగలేదు. అడిగితే ఏం చెప్తాడోనని భయం. అక్కా, ఈ మాట బావకు తప్ప ఎవరికీ చెప్పొద్దు. అమ్మ చెవిన అసలు పడనీయొద్దు.

ఆ రోజుల్లోనే మణి వచ్చింది. వానకు తడిసి మా మెట్ల కింద దూరిన వీధి కుక్కపిల్ల. నేను చీపురు తీసుకుని తరమబోతే, ఆయన లేచి వచ్చి మజ్జిగన్నం పెట్టాడు. ఇంకో ప్రాణి కోసం ఆయన తనంతట తాను మంచం దిగింది ఆ రోజే. అప్పటి నుంచి పొద్దున్నే జనం లేవకముందే దాన్ని వీధుల్లో తిప్పుకొస్తాడు. దానికి రైలు చప్పుడంటే హడలు. అందుకని పట్టాల వైపు పోవడం మానేశాడు. ఆ ఒక్క కారణానికే నేను ఆ కుక్కపిల్లకు రోజూ మనసులో దండం పెట్టుకుంటాను.

ఇప్పుడేమో దానికి కాళ్ళు పొడుగయ్యాయి, బుద్ధి మాత్రం రాలేదు. చెప్పులు కొరికి పెడుతుంది, ఆరేసిన బట్టలు లాగుతుంది, ఎవరు కనబడినా సంతోషంతో మీదికి ఎగురుతుంది. పోయిన వారం ఓనరమ్మ అత్తగారు పాల ప్యాకెట్లు పట్టుకుని మెట్లెక్కుతుంటే ముందుకాళ్ళతో ఎగబడింది. ఆ ముసలామె పడిపోయింది. మణికట్టు బెణికింది, ఎముక విరగలేదు, ఆ కొండమీది సుబ్రమణ్యస్వామి కాపాడాడు. ఓనరమ్మ గుమ్మంలో నిలబడి, "ఇదు సరిపట్టు వరాదు భాగ్యా, కుదిరేది కాదు. నెలాఖరు దాకా చూస్తా. కుక్కను యాడన్నా విడిచిపెట్టు, లేదంటే మీరు వేరే ఇల్లు చూసుకోండి" అంది. ఆమె తప్పు కాదు. మంచి మనిషే, ఇన్నాళ్ళూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు.

మేడమీద కాలేజీ అమ్మాయి ఒక దారి చెప్పింది. ఆవడి పోయే దారిలో ఒక మైదానంలో ఆదివారం ఆదివారం కుక్కలకు క్లాసులు పెడతారట. కూర్చోమంటే కూర్చోవడం, ఉండమంటే ఉండడం, మనుషుల మీద ఎగరకుండా ఉండడం నేర్పుతారట. మణి నేర్చుకుంటే ఉండనిస్తానని ఓనరమ్మ ఒప్పుకుంది. కంపెనీలో ఈ మాట చెప్తే అందరూ నవ్వారు. "మా పిల్లోళ్ళకే ట్యూషన్ లేదు, నీ వీధి కుక్కకు ట్యూషనా?" అంటారు. నేనూ వాళ్ళతో పాటు నవ్వాను. తర్వాత బాత్రూంలోకి పోయి ఏడ్చాను.

ఆ క్లాసు మాస్టరుకు ఫోన్ చేశాను. నేను తీసుకురావచ్చా అంటే, తేవచ్చుగానీ పగలంతా కుక్కతో ఎవరుంటారో వాళ్ళు రావాలి, లేకపోతే ఇక్కడ నేర్చుకున్నది ఇంటికి పోతూనే మరిచిపోతుంది అన్నాడు. పగలంతా ఉండేది నీ మరిది. నిన్న అడిగాను.

"అంతమంది ముందర నా చెయ్యి చూపించేదానికి పోవల్నా? గమ్మున ఉండు" అన్నాడు.

"అట్లయితే ఓనరమ్మకు ఏం చెప్పేది? మణిని అక్కోళ్ళ ఊరికి పంపించేస్తా."

"పంపించు. నన్ను గూడా యాడికన్నా పంపించేయి."

ఆ మాటన్నప్పటి నుంచి నాకు దిక్కు తోచడం లేదక్కా. క్లాసుకు నేను తీసుకుపోతే అది నేర్చుకోదేమో. నేర్చుకోకపోతే ఇల్లు ఖాళీ చేయాలి. కుక్కతో, ఇలాంటి మనిషితో, నాకు ఇల్లెవరిస్తారు? మీ దగ్గరికి పంపితే అది సుఖంగానే ఉంటుంది, కానీ ఈయన ఏమవుతాడు? పంపకపోతే ఏం చేయాలి? మిషన్ మీద కాలర్లు కుడుతూ ఇదే ఆలోచన. ఈ వారంలో రెండు చొక్కాలకు కాలరు తిరగేసి కుట్టి సూపర్‌వైజరు చేత తిట్లు తిన్నాను.

బావ లుంగీల మూటలు వేసుకుని వ్యానులో మద్రాసుకు వచ్చినప్పుడు ఇటు తిరిగి మణిని తీసుకుపోగలడా? అడిగి చెప్పు. అడగొద్దు. ఏమో, నువ్వే ఆలోచించు. ఏది చేసినా తప్పుగానే తోస్తోంది. గంట కొడుతున్నారు, లోపలికి పోవాలి.

ఆదివారం, సాయంత్రం.

గురువారం రాసింది సంచిలోనే ఉండిపోయింది. ఆయన బయట కుళాయి దగ్గర మణికి స్నానం చేయిస్తున్నాడు, ఆ సందులో ఇంట్లోనే రాస్తున్నాను.

ఈరోజు పొద్దున నేనే క్లాసుకు పోదామని చీర మార్చుకుని మణికి తాడు కట్టాను. అది నన్ను మెట్ల మీద ఈడ్చుకుపోతుంటే వెనక నుంచి ఆయన చొక్కా వేసుకుని దిగాడు. "తాడు ఇట్లియ్యి. నిన్ను కింద పడేస్తాది" అన్నాడు. అంతే. కుక్క ఉందని ఆటోవాళ్ళు ఎక్కించుకోలేదు, నడిచే పోయాం.

అక్కడ అందరివీ పెద్ద జాతి కుక్కలు. బూట్లు వేసుకున్న మనుషులు. మాది తోక వంకర వీధి కుక్క. నాకే సిగ్గేసింది, ఆయన సంగతి చెప్పాలా! మాస్టరు అరచెయ్యి ముందుకు చాచి, కుక్క మొహం ముందర పెట్టి, ఇలా చూపించి ఉండమని చెప్పాలి అన్నాడు. అందరూ చేతులు ఎత్తారు. నీ మరిది ఎడమచేత్తో తాడు పట్టుకుని, తువ్వాలు చుట్టిన చేతిని అలాగే పొట్టకు ఆనించుకుని నిలబడ్డాడు. మాస్టరు దగ్గరికి వచ్చి, "తుండు తీసేయండి సార్, కుక్కకు చెయ్యి కనబడాలి గదా" అన్నాడు. పాపం, ఆ మాస్టరుకు ఏం తెలుసు? నేను పరిగెత్తబోయాను. అంతలో నీ మరిది పళ్ళతో ముడి లాగి తువ్వాలు విప్పేశాడు.

మాస్టరు చెయ్యి చూశాడు. తర్వాత, "సరే, ఇదే చెయ్యి. రోజూ దీన్నే చూపించండి, మార్చొద్దు" అని పక్క కుక్క దగ్గరికి పోయాడు. అక్కడున్న ఒక పాప వాళ్ళ నాన్నను గట్టిగా అడిగింది, ఆ మామకు వేళ్ళు ఎందుకు లేవని. అందరూ ఇటు తిరిగారు. నాకు భూమిలోకి పోయినట్టయింది. ఆయన తల ఎత్తలేదు, తువ్వాలు కూడా చుట్టుకోలేదు.

మణి ఏం నేర్చుకుందని అడుగుతావేమో. ఏమీ లేదు. ఆయన చెయ్యి చూపించిన ప్రతిసారీ తాడు విదిలించుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి మీద ఎక్కుతుంది. అందరివీ కూర్చున్నాయి, మాదొక్కటే కూర్చోలేదు. ఒకసారి ఆయన్ను మోకాళ్ళ మీద పడేసింది కూడా. ఆఖరికి మాస్టరు నన్ను కసిరి గోడ అవతలికి పొమ్మన్నాడు. గోడ వెనక నిలబడితే ఏమీ కనబడలేదు, వినబడింది. "ఉండు! మణీ, ఉండు రా! ఉండు!" ఊళ్ళో ఉండగా మరమగ్గాల చప్పుడు మీద అరిచేవాడే, ఆ గొంతు. ప్రమాదం జరిగాక ఆ గొంతు నేను వినలేదక్కా. గోడ పట్టుకుని నిలబడిపోయాను.

తిరిగి వచ్చేటప్పుడు సగం దారి దాకా మణిని పట్టుకుని నా ముందర నడిచాడు. ఇక వద్దంటాడనే అనుకున్నాను. అప్పుడన్నాడు, "వచ్చే వారం నువ్వు రావద్దు. నువ్వుంటే అది నీకాడికే పరిగెత్తతాది. నేనే పోతా."

సరేనన్నాను. ఒంటరిగా పంపడానికి ధైర్యం చాలడం లేదు, వద్దనడానికి నోరు రాలేదు. మణి నేర్చుకుంటుందో లేదో, నెలాఖరుకు ఓనరమ్మ ఏమంటుందో, ఏమీ తెలియదు. అయినా వ్యాను సంగతి బావను అడగొద్దు. నాకు కాస్త ధైర్యం చెప్పి రాయి, అంతే చాలు.

అత్తమ్మకు, బావకు నా దండాలు. పాపకు ముద్దులు. కృత్తిక పండుగకు తిరుత్తణి కొండ ఎక్కినప్పుడు నీ మరిది పేరు చెప్పి ఒక దీపం పెట్టు. మమ్మల్నిద్దరినీ చల్లగా దీవించు.

ఇట్లు,
నీ చెల్లెలు
భాగ్య