ఎర్ర పోగులు తీసిన గుడ్డ

ఆదోని,
2-6-1983, గురువారం.

ఎమ్మిగనూరులో ఉన్న అక్క హుసేన్‌బీకి, చెల్లెలు దస్తగిరమ్మ సలాములు చెప్పి రాసేది. లక్ష్మప్ప బావకు కూడా సలాము. ఇక్కడ ఉన్నవాళ్ళం బాగానే ఉన్నాము. మీరు బాగుండాలని అల్లాను అడుగుతున్నాము.

నాలుగు రోజులుగా గాలి ఎక్కువ. సోమవారం సాయంత్రం ఒక జల్లు పడింది గానీ దుమ్ము కూడా అణగలేదు. ఈ గాలికి బయట దూది ఏకడానికి లేదు, ఎగిరిపోతుంది. నాయన నడిమింట్లో తలుపులు వేసుకుని ఏకుతున్నాడు. పెండ్లి పరుపులు రెండు ఇవ్వాల్సి ఉంది. అమ్మ, నేను పరుపులకు తొడిగే గలీబులు కుడుతున్నాము. మాపటికి కనుబొమల మీద, ముక్కుల్లో అంతా దూదే. మిల్లు దగ్గర ఏకే మిషన్ పెట్టినప్పటి నుంచి మన వీధిలో దూదేకే విల్లు చప్పుడు వినిపించేది మన ఇంట్లోనే. నాయన చెయ్యి ఇంకా ఆగలేదు.

మంగళవారం ఎమ్మిగనూరు నుంచి గుడ్డలు అమ్ముకుంటూ కరీం సాబ్ వచ్చాడు. సైకిలు గోడకు ఆనించి, గుడ్డల మూట దించి, నన్ను పెరట్లోకి పిలిచి నువ్వు అడగమన్న మాట అడిగాడు. "జేజి చనిపోయేముందు నా మాట ఏమైనా ఎత్తిందా" అని నువ్వు అడిగావట. గడ్డం గోక్కుంటూ చెప్పాడు. గుట్టు మాట చెప్పాలన్నా, అబద్ధం చెప్పాలన్నా ఆయనకు చెయ్యి గడ్డం మీదికి పోతుంది కదా. మన చిన్నప్పుడు జేజి అనేది, "కరీమూ, ఆ గడ్డం ఊడొస్తాది గానీ నిజం సెప్పప్పా" అని.

నువ్వు అడిగిందానికి జవాబు రాస్తున్నాను. ఎత్తలేదు.

నువ్వు పోయింది డెబ్బయ్యారులో. ఎమ్మిగనూరు నేతగాళ్ళ ఇండ్లలో పరుపులు కుట్టడానికి మనమంతా పోయిన ఏడు. నువ్వు అక్కడే, మగ్గం నేసే లక్ష్మప్ప బావతో ఉండిపోయావు. మేము ఇంటికి వచ్చాము. ఆ రోజు నాయన గడపలో నిలబడి, నాకు ఇంక ఒక్కతే కూతురు అన్నాడు. కొడుకు మాట విని జేజి కాళ్ళు చేతులు కడిగి వజూ చేసుకుని మాపటి మగ్రిబ్ నమాజుకు నిలబడింది.

తెల్లవారి ఫజర్ నమాజు అయినాక ఆమె దువా చేసే పద్ధతి నీకు గుర్తుండాలి. నాయన పేరు, అమ్మ పేరు, నీ పేరు, నా పేరు, చనిపోయిన తాత పేరు, గట్టిగా ఒక్కొక్కటే చెప్పి, చెంబులో నీళ్ళ మీద ఊదేది. ఆ నీళ్ళు తాగితేగాని ఎవరికీ టీ ఇచ్చేది కాదు. నువ్వు పోయిన మరునాడు నాయన తలుపు పక్కన నిలబడి విన్నాడు. నీ పేరు రాలేదు. అమ్మ పేరు తరువాత నా పేరు వచ్చింది. మధ్యలో ఆగలేదు, గొంతు మారలేదు. నాయన పనికి కూర్చున్నాడు. ఆ తరువాత ఎన్నడూ నీ పేరు రాలేదు. నిన్ను ఊరడించడానికి వేరేగా రాయగలను. రాయను.

ఇల్లంటే ఆమెకు ఎంత పట్టుదలో నీకు తెలుసు. అందరం కూర్చున్నాకనే అన్నం గిన్నె మూత తీసేది. పండగ రోజు మనలో ఎవరైనా ఇంట్లో లేకపోతే సేమ్యా పొయ్యి మీదే పెట్టి వీధిలో నిలబడేది. ఎవరి పరుపైనా సరే, మొదటి పిడికెడు దూది బిస్మిల్లా అని ఆమె వేస్తేనే నాయన తక్కింది నింపేవాడు. నీ పెండ్లికని తీసిపెట్టిన దూది అటకమీద మూడేండ్లు ఉండింది. తరువాత ఒకరోజు దించి నా పరుపులో వేసింది.

రెండేండ్ల కింద ఒక సంగతి జరిగింది. అది కూడా రాస్తాను.

తను చనిపోతే చుట్టాల్సిన కఫన్ గుడ్డను ఆమె ఎప్పటి నుంచో పెట్టెలో పెట్టుకుంది. మిల్లు గుడ్డ. అత్తరు చల్లి, కర్పూరం పెట్టి, ప్రతి రంజాన్‌కు ఎండలో వేసి మడిచేది. ఒకరోజు కరీం సాబ్ తెల్లటి మగ్గం గుడ్డ ఒకటి తెచ్చి ఆమె ముందు వేశాడు. ఎవరో నేయమని చెప్పి తీసుకోలేదు, మిగిలిపోయింది, నీకు పనికొస్తాదేమో సూడు పెద్దమ్మా అన్నాడు. జేజి ఆ గుడ్డను వేళ్ళ మధ్య రాసి చూసింది. అంచు పట్టుకుని పొడుగునా చూసింది. చివర ఎర్ర గీత ఉంది. గుడ్డ తాను అక్కడికి అయిపోయిందని తెలియడానికి నేతగాళ్ళు వేసే గీత.

ఆమె మిల్లు గుడ్డను అదే వారం రైలుకట్ట పక్కన చనిపోయిన ఒక బీదామెకు ఇచ్చేసింది. తరువాత అరుగు మీద ఎండలో కూర్చుని ఆ ఎర్ర పోగులను సూదిమొనతో ఒక్కొక్కటే లాగింది. కంటిచూపు అంతంతమాత్రం. పోగు తెగితే మళ్ళీ వెతికేది. నన్ను పట్టనివ్వలేదు.

నాయన నవ్వాడు. "ఆ మొన కత్తిరించి పారేస్తే పోతాది కదమ్మా, యాల ఈ తిప్పలు" అన్నాడు.

"కత్తిరిస్తే పొట్టయితాది. కఫన్‌కు రంగు కూడదు. నేసినోళ్ళకు చెయ్యి అలవాటు, వాళ్ళకేం తెలుసు" అన్నది.

"నీ పొడుగెంతని పొట్టయ్యేకి" అన్నాడు నాయన. ఆమె కూడా నవ్వింది.

ఆ పోగులన్నీ పేని సన్నటి దారం చేసింది. గురువారం నన్ను తోడు తీసుకుని దర్గాకు పోయి అక్కడి జాలీ కిటికీకి కట్టింది. బయట పూలమ్మే ఆమె, మొక్కుదారం నా దగ్గర లేదా అవ్వా, ఇంటినుంచే తెచ్చుకున్యావు అని ఎగతాళి చేసింది. ఏం మొక్కుకున్నావని దారిలో నేను అడిగాను. కాళ్ళ నొప్పులకు అన్నది.

పోయిన చలికాలం నుంచి ఆమెకు ఆయాసం పట్టింది. చివరి నెల కూర్చునే నమాజు చేసింది. మాటలు తక్కువ. ఏప్రిల్ ఇరవై తొమ్మిది, శుక్రవారం, ఎండెక్కుతుండగా పోయింది. అమ్మ నోట్లో నీళ్ళు పోసింది. నేను కాళ్ళ దగ్గర ఉన్నాను. నాయన కలిమా చెప్పాడు.

నీకు ఎవరు చెప్పారో తెలియదు. నువ్వు మిల్లు గోడ కింద, కొంగు తలమీదికి లాక్కుని నిలబడింది కిటికీలోంచి చూశాను. నాయన కూడా చూశాడు. ఇంట్లో ఆ సమయంలో ఏం జరిగిందో నీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

నీళ్ళు పోసి శుద్ధి చేసేదానికి అక్బర్‌బీని పిలిచారు. వీధిలో ఏ ఆడమనిషి పోయినా ఆమే కదా. రేగాకు వేసి కాచిన నీళ్ళు నేను అందించాను. అంతలో నాయన బజారు నుంచి కొత్త మిల్లు గుడ్డ తెచ్చి పరదా ఇవతల నుంచి ఇచ్చాడు. పెట్టెలోది పాతబడి ఉంటుందని ఆయన లెక్క. అక్బర్‌బీ దాన్ని తిరిగి ఇచ్చేసింది.

"ఖాసిమూ, మీ అమ్మ నాకు సెప్పిండేది పెట్టెలో గుడ్డ. నేను సుట్టేది అదే. నీకు ఇది బాగుంటే దాపెట్టుకో, నీకు పనికొస్తాది" అన్నది.

నాయన ఆ గుడ్డను వెనక్కి తీసుకున్నాడు. అక్బర్‌బీ పెట్టెలోదే చుట్టింది. గుడ్డ గట్టిగా, తెల్లగా ఉండింది. పొడుగు సరిపోయింది.

మొగం కట్టేముందు అక్బర్‌బీ బయటికి వచ్చి నాయనతో అన్నది. "మనవరాలు బయట నిలబడింది. ఒక్క గడియ మొగం సూపిస్తే నీదేం పోతాది" అని.

"నాకుండేది ఒక్కతే. అది లోపలే ఉంది" అన్నాడు.

అక్బర్‌బీ లోపలికి వచ్చి ముడి వేసింది. జుమా నమాజు అయినాక ఎత్తారు. గోరీల దగ్గరికి మగవాళ్ళు పోయారు. జనాజా నీ ముందు నుంచే పోయింది. నువ్వు గోడకు ఆనుకున్నావు. ఆ తరువాత నేను చూడలేదు, లోపల గది కడగాల్సి వచ్చింది.

జరిగింది ఇంతే. ఏడుపు ఎవరికీ ఎక్కువ రాలేదు. ఇప్పుడు కూడా తెల్లారి చెంబులో నీళ్ళు పట్టి పెడుతున్నాను, అలవాటుగా. ఊదేవాళ్ళు లేరు. కాసేపు చూసి టీకి వాడుతున్నాను.

వచ్చే మంగళవారానికి జేజి పోయి నలభై రోజులు. రంజాన్ కూడా దగ్గరికి వచ్చింది. నిన్ను రమ్మని రాసే అధికారం నాకు లేదు. అమ్మ పక్కనే కూర్చుని గలీబుకు దారం ఎక్కిస్తోంది. ఆమె బాగుండమని రాయమంది.

ఇట్లు,
నీ చెల్లెలు,
దస్తగిరమ్మ.

మరచినది: శుక్రవారం పొద్దున రాస్తున్నాను. పైన రాసిందంతా నిన్న అమ్మకు చదివి వినిపించాను. ఇది వినిపించలేదు.

నిన్న మాపున అక్బర్‌బీ వచ్చింది. నాయన దూది ఏకుతున్నాడు. ఆమె తలుపు తీసుకుని లోపలికి పోయి, విల్లు ఆపమన్నది. ఆపాడు. "మీ అమ్మ ఒక మాట నా దగ్గర పెట్టింది. మన్నేసినాక సెప్పమన్నది. నలభై లోపల సెప్పకుంటే నా మెడకు సుట్టుకుంటాది" అన్నది. నేను గడప దగ్గర ఉన్నాను.

జేజి ఆమెతో అన్న మాట ఇది. "పెట్టెలో ఉండేది మా హుసేన్‌బీ నేసిన గుడ్డ. నా మీద అదే ఉండాల. ముందే తెలిస్తే ఖాసిం తీసేస్తాడు. వాని కోపం వానిది, ఇల్లు రెండు ముక్కలు కాకూడదు. నన్ను పూడ్సినాక సెప్పు."

నీకెట్ల తెలుసు అని అక్బర్‌బీ ఆ రోజే అడిగిందట. "ఆ గుడ్డ నా ముందర ఏసినప్పుడు కరీం సాబ్ గడ్డం గోక్కున్యాడు" అన్నదట జేజి. కరీం సాబ్‌ను నిలబెట్టి అడిగితే నిజం ఒప్పుకున్నాడట. నువ్వు చెప్పొద్దన్నావని కూడా చెప్పాడట.

దర్గాలో కట్టిన దారానికి మొక్కు ఏమిటో మాత్రం అక్బర్‌బీకి కూడా చెప్పలేదు.

నాయన అంతా విన్నాడు. విల్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె పోయినాక మళ్ళీ ఏకలేదు. అన్నం తిన్నాడు. తినేటప్పుడు, నలభైకి అక్బర్‌బీకి చీర పెట్టాల, ఎమ్మిగనూరు పోయి తెస్తాను అన్నాడు. చీరలు ఆదోని బజారులో లేవా అన్నది అమ్మ. మగ్గం చీరైతే గట్టిగుంటాది అన్నాడు.

నీ ఇల్లు ఏ వీధిలో అని నన్ను అడగలేదు. కరీం సాబ్‌ను అడిగి ఉంటాడో లేదో తెలియదు. ఈ జాబు ఆయన కంటే వెనక చేరుతుంది.

నాయన ఈ పొద్దున ఏడు గంటల బస్సుకు పోయాడు.