మా కొట్టులో కల్పన లేదు

పన్నుల కార్యాలయం, నాలుగో విభాగం నుంచి
పరుపులు, దిండ్ల కొట్టు యజమాని గారికి

అయ్యా,

గత సంవత్సరంలో మీ వ్యాపారం ద్వారా జరిగిన ఉపాధి కల్పన వివరాలను ఈ నోటీసు అందిన ముప్పై రోజుల్లోగా తెలియజేయవలెను. కల్పన ఉన్నచో ఎంతమంది, ఎప్పటి నుంచి అన్నది రాయవలెను. కల్పన ఏదీ లేనిచో జతపరిచిన ఫారంలో ‘లేదు’ అని రాసి సంతకం చేయవలెను. మీ జవాబును బట్టి ఈ ఏడాది పన్ను నిర్ణయించబడును.

ఇట్లు,
గుమాస్తా, నాలుగో విభాగం

తా.క. ఫారంలో ‘తరుగుదల’ గడిని ఖాళీగా వదలరాదు.

* * *

నాలుగో విభాగం గుమాస్తా గారికి,

పరుపుల కొట్టువాడు నమస్కారం పెట్టి రాసేది. మీ నోటీసు అందింది. మూడుసార్లు చదివాను. మొదటిసారి నిలబడి చదివాను, రెండోసారి కూర్చుని చదివాను. మూడోసారి మా ఆవిడ చేత చదివించుకున్నాను, నేనేమైనా తప్పు చదివానేమోనని. ఆవిడా అలాగే చదివింది.

అయ్యా, ఇరవై రెండేళ్ళుగా ఈ కొట్టు నడుపుతున్నాను. పాత దూదిని కొత్తదని చెప్పి అమ్మానని నన్నెవరూ వేలెత్తి చూపలేదు. అలాంటిది మీరు ఏకంగా ‘ఉపాధి కల్పన’ అని రాశారు. అంటే నా దగ్గర పనిచేసేవాళ్ళంతా కల్పితమనీ, లేనివాళ్ళ పేర్లు నేను రాసుకుంటున్నాననీ కదా మీ అనుమానం. ఒకసారి వచ్చి చూడండి. గుమ్మం దాటగానే ఎడమవైపు దూది ఏకుతూ తాత కనిపిస్తాడు. ఆయన ఎవరికీ తాత కాడు, అందుకే అందరికీ తాత. ఒంటినిండా దూది అంటుకుని ఉంటుంది కాబట్టి దూరం నుంచి చూస్తే కాస్త కల్పనలాగే ఉంటాడు, అది ఒప్పుకుంటాను. కాని దగ్గరికి వెళ్తే తుమ్ముతాడు. కల్పన తుమ్మదు. కిటికీ దగ్గర కుట్టుమిషను మీద మా అన్నయ్య. సొంత అన్నయ్యే, కాని జీతం దగ్గర చుట్టరికం కుదరదని మొదటిరోజే చెప్పాడు. మూడు చక్రాల బండి మీద సరుకు చేరవేసేది బండి మామ. ఇక నిరుడు చివర్లో చేరింది గుండీలక్క. చొక్కాల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళు గుండీలు కుట్టింది. అది మూతపడితే నాలుగు నెలలు ఊరంతా పని వెతుక్కుని మా దగ్గరికి వచ్చింది, ఇప్పుడు దిండు గలీబులు కుడుతోంది. అలవాటు కొద్దీ ప్రతి గలీబుకూ ఒక గుండీ ఎక్కువే కుడుతుంది.

వీళ్ళలో ఎవరు కల్పనో మీరే చెప్పండి. నేను మాత్రం ఫారంలో లావు అక్షరాలతో ‘లేదు’ అని రాసి సంతకం పెట్టాను. మా కొట్టులో కల్పన లేదు. ఉన్నదంతా నిజం.

ఇట్లు,
నిజంగా ఉన్న మనిషి,
పరుపుల కొట్టు యజమాని

తా.క. తరుగుదల గడి వదలొద్దన్నారు కాబట్టి ఈ ఇరవై రెండేళ్ళలో తరిగినవి రాశాను. కుడి మోకాలు సగం, జుట్టు ముప్పాతిక, ఓపిక మొత్తం.

* * *

అయ్యా,

మీ జవాబు అందినది. మీ వ్యాపారంలో ఉపాధి కల్పన ‘లేదు’ అని నమోదు చేయడమైనది. కల్పన లేనివారు నిబంధనల ప్రకారం పూర్తి పన్ను చెల్లించవలెను. గడువు రెండు నెలలు. అభ్యంతరం ఉన్నచో తగిన ఆధారంతో తెలుపవచ్చును.

మీ తరుగుదల జాబితాను తిరిగి పంపుతున్నాము. తరుగుదల అనునది యంత్రాలకు, సామగ్రికి మాత్రమే వర్తించును. మోకాలు కొన్న తేదీ, రసీదు లేనందున పరిశీలించుట వీలుపడదు.

ఇట్లు,
గుమాస్తా, నాలుగో విభాగం

తా.క. ఇది ఆఫీసు తరఫున రాస్తున్నది కాదు. తాతగారి తుమ్ము దగ్గర నాకు నవ్వు ఆగలేదు. పక్క టేబులాయన ఇటు తిరిగి చూశారు. దయచేసి ఆఫీసుకు ఇలాంటివి రాయకండి. రాస్తే మాత్రం ఇంకాస్త పెద్దగా రాయండి.

* * *

గుమాస్తా గారికి,

ఈసారి నమస్కారం ముక్తసరిగా పెడుతున్నాను, ఏమీ అనుకోకండి. దూది ఏకినట్టు ఏకేస్తే ఎవరికైనా మర్యాద తగ్గుతుంది.

కల్పన లేదని నిజం చెప్పినవాడికి పూర్తి పన్నా? కల్పనలు చేసేవాడికి తక్కువా? ఇదెక్కడి న్యాయం?

నేను పన్ను కట్టనని అనడం లేదు. మా కొట్టు ముందు వీధి దీపం వెలుగుతోంది, దాని కిందే బండి మామ పరుపులు ఎక్కిస్తాడు. రోడ్డు ఉంది కాబట్టే బండి నడుస్తోంది. ఇవన్నీ నేనూ, నాలాంటివాళ్ళూ కట్టిన పన్నుతోనే వచ్చాయని నాకు తెలుసు. ఎవరూ చూడకుండా ఆ దీపపు స్తంభాన్ని ఒకసారి తట్టి కూడా వచ్చాను, ఇందులో నాదీ ఉందని. నా బాధ అది కాదు. పెద్ద మిల్లు పెట్టినాయన నలుగురికి పని ఇస్తే పేపర్లో ఫొటో వేస్తారు. నేను నలుగురికి పని ఇస్తే నోటీసు పంపుతారు.

మా జీతాల కాగితంలో నా పేరు అయిదోది. పై నలుగురికీ ఇచ్చాక ఏమైనా మిగిలితే నాది. ఈ ఏడాది మూడుసార్లు ఏమీ మిగల్లేదు. ఇంట్లో మా పరుపు కూడా ఒకాయన పెళ్ళి తొందరలో వస్తే దులిపి, కొత్త గుడ్డ తొడిగి ఇచ్చేశాం. వాడినదని చెప్పే ఇచ్చాం, ధర తగ్గించే ఇచ్చాం. ఊరందరినీ పరుపుల మీద పడుకోబెట్టి మేమిద్దరం చాప మీద పడుకుంటున్నాం. దీన్ని త్యాగం అని నేను అనను. త్యాగం చేసినవాడికి దండ వేస్తారు, నాకు నడుంనొప్పి వచ్చింది.

ఇంతకీ అసలు సంగతి రాస్తాను. పూర్తి పన్ను కడితే నలుగురికి జీతం ఇవ్వలేను. వచ్చే నెలాఖరుకి ఒకరిని మానమనాలి. చివర చేరింది గుండీలక్క. ఆవిడ ముఖం చూసి ఆ మాట చెప్పడం నా వల్ల కావడం లేదు.

ఆధారం కావాలన్నారు కదా. ప్లీడరు దగ్గరికి వెళ్ళి స్టాంపు కాగితం మీద రాయించి పంపుతున్నాను. “మా కొట్టు నాలుగు గోడల మధ్య గత సంవత్సరం ఎలాంటి ఉపాధి కల్పనా జరగలేదని ప్రమాణం చేస్తున్నాను.” ఇంతకన్నా గట్టి ఆధారం ఇంకెక్కడా దొరకదు.

ఇట్లు,
పరుపుల కొట్టు యజమాని

తా.క. ఇది రాస్తున్నది వారి భార్యను. ఉత్తరం అంటించే ముందు నాకు ఇచ్చి పోస్టులో వెయ్యమన్నారు. గుమాస్తా గారూ, ఈయన కల్పన లేదు, కల్పన లేదు అని నిద్రలో కూడా అంటున్నారు. లేనిదాన్ని ఇన్నిసార్లు లేదని ఏ మగవాడూ అనడు. ప్రమాణపత్రం కూడా రాయించారంటే విషయం కోర్టు దాకా వెళ్ళిందన్నమాట. ఆ కల్పన ఎవరో, కొట్టుకు ఎప్పటి నుంచి వస్తోందో నాకు వేరే కాగితం మీద తెలియజేయండి. ఈయనకు చెప్పకండి.

* * *

అయ్యా,

కాస్త కూర్చుని చదవండి, చాప మీదైనా సరే.

కల్పన అంటే లేనిపోనివి అల్లడం ఒక్కటే కాదు. లేనిదాన్ని కలిగించడం కూడా కల్పనే. ఉపాధి కల్పన అంటే పని లేని మనిషికి పని కలిగించడం. గత ఏడాదిలో ఒక్కరికైనా కొత్తగా పని ఇచ్చినవారికి పన్నులో మూడోవంతు మినహాయింపు ఉంది. ఆ నోటీసు మీ మీద అనుమానంతో పంపింది కాదు, మీకు మేలు చేద్దామని పంపింది. గుమ్మడికాయల దొంగ అనకముందే మీరు భుజాలు తడుముకున్నారు.

మీ గుండీలక్కే మీ ఉపాధి కల్పన. మీరు ‘ఒకరు’ అని రాసి ఉంటే సరిపోయేది.

ఈ మాట మొదటి జవాబులోనే నేను చెప్పాల్సింది. విషయం అర్థమైనా, నమోదు చేయడమే నా పని అనుకుని నమోదు చేశాను. అది నా తప్పు, క్షమించండి. ఇప్పుడు మా అధికారి గారు స్టాంపు కాగితం పట్టుకుని కూర్చున్నారు. కల్పన జరగలేదని ప్రమాణం చేసిన మనిషి రేపు జరిగిందంటే ఏది నమ్మాలి అంటున్నారు. ప్రమాణాన్ని వెనక్కి తీసుకునే ఫారం మా దగ్గర లేదు. అయినా జరిగింది జరిగినట్టు ఒక ఉత్తరం రాయండి, ఫైలు నేనే లోపలికి తీసుకెళ్తాను.

ఇట్లు,
గుమాస్తా, నాలుగో విభాగం

తా.క. మీ ఆవిడకు వేరే కాగితం మీద జవాబు రాసి ఇదే కవరులో పెట్టాను. ‘అమ్మా, మీవారు నిర్దోషి. నోటీసులో ఉన్నది మనిషి కాదు, మాట’ అని రాసి ఆఫీసు ముద్ర వేశాను. ముద్ర లేకపోతే నమ్మరేమోనని.

* * *

గుమాస్తా గారికి,

నిండు నమస్కారాలు. పోయిన ఉత్తరంలో తగ్గించినవి కూడా కలిపి పెడుతున్నాను.

మీ ఉత్తరం చదివి అన్నయ్యకు వినిపించాను. వాడు మిషను ఆపి, “చదువుకునే రోజుల్లో తెలుగు పీరియడ్‌లో కిటికీలోంచి చూస్తూ కూర్చున్నావు కదరా” అన్నాడు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. స్టాంపు కాగితానికి డబ్బులిచ్చి మరీ ఊడగొట్టుకున్నాను.

అన్నిటికన్నా ఘోరం ఇంకొకటి ఉంది. మీ ఉత్తరం రావడానికి ముందురోజే గుండీలక్కకు చెప్పేశాను. వారం రోజులు నీళ్ళు నమిలి నమిలి, చివరికి పన్ను గురించి మొదలుపెట్టాను. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూనే విన్నది.

“నేను చేరిన రోజే అనుకున్నా తమ్ముడూ,” అన్నది. “నువ్వు జీతం తీసుకోకుండా ఇంటికి వెళ్ళేది నేను చూడలేదనుకున్నావా? ఇన్నాళ్ళు ఉంచావు, అదే ఎక్కువ. ఫ్యాక్టరీ వాళ్ళు గేటుకు కాగితం అంటించారు, నువ్వు ఎదురుగా కూర్చుని చెప్పావు. ఇంకా పన్నెండు గలీబులున్నాయి. అవి కుట్టేసి వెళ్తా, సగంలో వదిలితే నిద్రపట్టదు.”

నేను పరుపుల వెనక్కి వెళ్ళి ఏడ్చాను. దాచుకోవాల్సిందేమీ లేదు, ఏడ్చాను. తాత చూసి దూది దుమ్ము పడిందా అని అడిగాడు. అవునన్నాను. గుమాస్తా గారూ, అదొక్కటే నేను ఈ మధ్య చేసిన కల్పన.

జరిగింది జరిగినట్టు రాశాను. ప్రమాణం నా తెలివితక్కువతనం. ఆవిడ పని మాత్రం నిజం. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు, అయినా పట్టుకుంటున్నాను. మీ అధికారి గారికి ఒక మాట చెప్పండి.

ఇట్లు,
పరుపుల కొట్టు యజమాని

తా.క. ఇంత మేలు చేస్తున్న మీ పేరు కూడా నాకు తెలియదు. ఏం జరిగినా సరే, పేరు రాయండి. మా ఆవిడ కూడా అడగమంది. మీ ముద్రను ఆవిడ బీరువాలో దాచుకుంది.

* * *

అయ్యా,

అధికారి గారు మీ ఫైలంతా చదివారు. తుమ్ము దగ్గర నవ్వలేదు గాని, పన్నెండు గలీబుల దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత నిబంధనల పుస్తకం తెప్పించారు.

మీ ప్రమాణపత్రం అలాగే ఉంటుంది. మీ కొట్టు నాలుగు గోడల మధ్య కల్పన జరగలేదు, సరే. కాని నిబంధనలో కొట్టులోనే జరగాలని గాని, గత ఏడాదే జరగాలని గాని లేదు. ‘వ్యాపారి కారణంగా కొత్తగా ఒకరికి ఉపాధి కలిగినచో’ అని మాత్రమే ఉంది. ఆ ఒకరు నేను.

నేను ఇక్కడ తాత్కాలికం. జవాబివ్వవలసిన ఉత్తరాలు ఏడాదిలో పన్నెండు వస్తేనే నాలుగో విభాగాన్ని ఉంచుతారు, నన్ను పర్మనెంటు చేస్తారు. లేకపోతే రెండూ ఉండవు. మొన్నటిదాకా వచ్చినవి ఎనిమిది. మిగతా కొట్లవాళ్ళంతా ‘లేదు’ అని రాసి ఊరుకున్నారు, వాటికి జవాబు అక్కర్లేదు. నా టేబుల్ సొరుగు ఖాళీ చేయడం కూడా మొదలుపెట్టాను. అప్పుడు మీవి మూడు వచ్చాయి. పన్నెండోది మీ ఆవిడ రాసిన తాజాకలం. దానికి వేరే కాగితం మీద జవాబిచ్చి ముద్ర వేశాను కాబట్టి అది వేరే ఉత్తరమని అధికారి గారే తేల్చారు.

మీ ఫారంలో ‘ఒకరు, నాలుగో విభాగం గుమాస్తా’ అని ఆయన చేత్తోనే రాశారు. పన్నులో మూడోవంతు తగ్గింది. ఉత్తర్వు జతపరిచాను. మీరు ఒకరికి పని ఇచ్చాననుకున్నారు, ఇద్దరికి ఇచ్చారు. గుండీలక్కను పదమూడో గలీబు కూడా మొదలుపెట్టమనండి. ఆ మాట మీరే ఎదురుగా కూర్చుని చెప్పండి.

ఇట్లు,
మీ వల్ల పర్మనెంటు అయిన గుమాస్తా

తా.క. పేరు అడిగారు. తాత్కాలికులం పేరు రాయకూడదు, హోదా మాత్రమే రాయాలి. ఇవాళ్టి నుంచి రాయొచ్చు గాని, మీ కాపురం సంగతి ఆలోచించి రాయలేదు. మీరు నన్ను మొదటి నుంచీ అయ్యా అనుకున్నారు, పర్వాలేదు. మొదటి నోటీసు తీసి చూడండి. అందులో ‘ఉపాధి’ పక్కనున్న మాటే మా అమ్మ నాకు పెట్టిన పేరు. మీ ఆవిడకు మీరే నెమ్మదిగా చెప్పండి. చెప్పేటప్పుడు గుండీలక్కను పక్కన ఉంచుకోండి.