నెల రోజులుగా కదలని సైకిల్

తమ్మీ రాజలింగూ,

అన్నం, పప్పు గిన్నెల మూతపెట్టి ఉన్నయి, తిను. నాలుగు గంటలకు తార్నాక బస్టాపుకు రా. నేను యూనివర్సిటీ ఆఫీసు నుంచి అటే వస్తా. మనసు డాక్టరు దగ్గరికి పోదాం.

క్లాసుకు పోయొస్తున్న అంటవు గానీ, నీ సైకిల్ టైర్లల్ల గాలి లేక నెలయింది. అబద్ధం చెప్పినందుకు కోపమున్నది, అది తర్వాత. నిద్ర, తిండి, మాట అన్నీ బందయి ఇన్ని దినాలైతే అది ఉత్త దిగులు కాదు, జబ్బు. దానికి మందున్నది. అవ్వ కట్టిన తాయెత్తు ఉండనీ, డాక్టరు ఏమనడు. పిచ్చోడంటరని భయపడకు, ఆడ బల్ల మీద లెక్చరర్లు గూడ కూసుంటరు.

భూదేవక్క

ఇంకోటి. పాప పుట్టినంక నల్లకుంటల కుట్టు నేర్చుకుంటున్న అని మూడు నెలలు పోయిన కదా, ఆ డాక్టరు దగ్గరికే పోయిన. అందుకే నాకిప్పటికీ జాకెట్టు కుట్టరాదు.