ఎక్స్‌రే గది గడియ

అమ్మా, నువ్వు కంగారుపడి ఇంకో ఉత్తరం రాసేలోపే ఈ కార్డు అందాలని ఆదరాబాదరాగా రాస్తున్నాను.

నీ మనవరాలికి నాలుగైదు రోజులకోసారి గానీ విరేచనం కావడం లేదని రాస్తే, "ఎక్స్‌రే మిషను చేతిలో పెట్టుకుని ఫిల్ము తీయవేం?" అని దులిపేశావు. కడుపు ఫిల్ములో మలం ఏ పిల్లకైనా కనిపిస్తుందమ్మా. ఒకే ఫిల్ము చూసి ఒక డాక్టరు నిండిపోయిందంటాడు, ఇంకొకాయన మామూలే అంటాడు. రోజూ ఇది చూస్తూ కూడా మనసాగక, మొన్న పిల్లని ఆస్పత్రిలో నా ఎక్స్‌రే బల్ల మీద పడుకోబెట్టాను. బటన్ నొక్కబోతుంటే అడిగింది.

"తలుపు గడియ వేశావా అమ్మా?"

"వేశానే. ఏం?"

"మా స్కూల్లో బాత్రూంకి గడియ లేదు. అందరూ తోసేస్తారు. అందుకే నేను వెళ్లను."

ఫిల్ము తీయలేదు. నెల్లాళ్లుగా తిండి సరిగ్గా తినవని దాన్నే తిడుతూ వచ్చాను.

నీ మోకాలు ఎలా ఉంది? నాన్నని కొలిమిలో చిన్న గడియ ఒకటి చేసి పంపమను, ఆరేళ్ల పిల్ల వేసుకోగలిగేది. స్క్రూలు మర్చిపోవద్దను. అది వచ్చేదాకా రోజూ డ్యూటీ మధ్యలో పరిగెత్తి, ఆ స్కూలు బాత్రూం తలుపు పట్టుకుని నిలబడేది నేనే. నిన్న అక్కడే దానికి విరేచనం అయింది. ఇద్దరికీ దణ్ణాలు.