మైనంలో మిగిలిన ముక్క

సుజాతా, నువ్వు పోయి ఇవాళ్టికి ఆరేళ్లు. పక్కింటి టీచరమ్మ చేత రాయిస్తున్నాను.

నీ చెల్లి లలితకూ రొమ్ములో గడ్డ వస్తే తీసేశారు. మళ్లీ వస్తుందో లేదో తెలియాలంటే, అందులో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చూసి, నీలా గడ్డ తిరగబెట్టి పోయినవాళ్ల గడ్డ ముక్కలతో పోల్చాలట. అప్పుడు పరీక్షకని నీ గడ్డలోంచి కోసిన ముక్క ఆసుపత్రిలో చెడిపోకుండా మైనంలో దాచి ఉందట! నిన్ను మొత్తంగా దహనం చేశామనుకున్నాను.

"గా ముక్క తెచ్చి కాల్చాలె అమ్మా, లేకుంటే అక్కకు ముక్తి లేదు," అని నీ తమ్ముడు లొల్లి పెట్టాడు.

"నోర్ముయ్‌రా! రోజూ బడి గేటు కాడ చెల్లె కోసం ఆగింది, ఇప్పుడూ ఆగుతది," అని నీ ముక్కను పరీక్షకు వాడుకోవచ్చన్న కాగితం మీద వేలిముద్ర వేశాను.

రేపు ఫలితం చెబుతారు. మీ ఇద్దరిదీ ఒకే పోలికని కిషన్‌బాగ్‌లో అందరూ అంటుంటే మురిసిపోయేదాన్ని. ఇప్పుడు లలిత గడ్డకు నీ గడ్డ పోలిక ఉండకూడదని మొక్కుతున్నాను. కోపం తెచ్చుకోకు బిడ్డా.